గిలటిన్ గన్ ఫోమ్‌తో తయారు చేయడం ఎలా: గొడ్డలీ గొట్టమూ కలిసే చోటే అసలు పని

అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే వీడియో గేమ్‌కి అనుబంధంగా వచ్చిన డెడ్ కింగ్స్ ఆడినవాళ్ళకి గిలటిన్ గన్ ఏంటో చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను: వెడల్పాటి గొడ్డలి బ్లేడు, పేలే గుండు విసిరే పొట్టి మోర్టార్ గొట్టం, ఈ రెండింటినీ మోసే తుపాకీ కర్ర. గుంపుగా మీదికొచ్చేవాళ్ళ మధ్యలోకి ఒక గుండు విసిరి, మిగిలినవాళ్ళు దగ్గరికి రాగానే అదే ఆయుధంతో నరకొచ్చు. యూనిటీ విడుదలైనప్పుడు తలెత్తిన సాంకేతిక ఇబ్బందులకి పరిహారంగా ఆట తయారుచేసిన యూబీసాఫ్ట్ ఈ ఎక్స్‌పాన్షన్‌ని 2015 జనవరిలో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ చీకటి సొరంగాలు, చేతిలో లాంతరు, వెలుగు పడగానే పక్కకి తప్పుకునే పురుగులు, ఇవన్నీ బాగున్నాయి కానీ నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఈ ఆయుధమే. అందుకే ఫోమ్‌తో ఒకటి చేశాను, అది నచ్చక మొత్తం పక్కన పెట్టి రెండోది చేశాను, ఆ రెండింటి మీద నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇది కాస్‌ప్లే (ఆటల్లో, సినిమాల్లో పాత్రల వేషం వేసుకోవడం) కోసం, ఫొటోల కోసం, గోడకి తగిలించుకోవడం కోసం చేసే ఉత్త నమూనా. పేలదు, దేన్నీ కోయదు. స్ప్రింగులు, ఎగిరే గుళ్ళు, పదునైన అంచులు లాంటివి పెట్టాలన్న ఆలోచనే పెట్టుకోకండి. కాస్‌ప్లే కార్యక్రమాల్లో అలాంటివాటిని గుమ్మం దగ్గరే ఆపేస్తారు, ఆపడమే సబబు కూడా.

బ్లేడు విడిగా చేయడం తేలిక. గొట్టం విడిగా చేయడం ఇంకా తేలిక. కష్టమంతా ఆ రెండూ కలిసే జానెడు మేరలోనే ఉంది. చూసేవాళ్ళ కన్ను తెలియకుండానే అక్కడికి పోతుంది, "ఇంత బరువైన బ్లేడు దేన్ని పట్టుకుని నిలబడింది?" అని మనసు అడుగుతుంది. దానికి ఆ వస్తువులోనే జవాబు కనిపిస్తే నమ్ముతారు, కనిపించకపోతే రంగు ఎంత బాగా వేసినా బొమ్మలాగే ఉంటుంది. నా మొదటి దానికి జరిగింది అదే. బ్లేడు అందంగా వచ్చింది, గొట్టమూ అందంగా వచ్చింది, కలిపాక మాత్రం గొడ్డలికి పైపు అతికించినట్టు ఉంది.

అందుకే కత్తెర పట్టుకునే ముందు ఒక సాయంత్రం పాత ఆయుధాల ఫొటోలు చూడండి. తుపాకీనీ కోసే ఆయుధాన్నీ కలపడం ఆట తయారుచేసినవాళ్ళు మొదటిసారి కనిపెట్టింది కాదు. యూరప్‌లో 16, 17 శతాబ్దాల నాటి గొడ్డలి పిస్తోళ్ళు మ్యూజియాల్లో ఉన్నాయి, వాటిలో చాలా మటుకు గొట్టమే గొడ్డలి కర్రగా పనిచేస్తుంది. ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీదని చెప్పే ముళ్ళ గద ఒకటుంది, దాని తలలో మూడు తుపాకీ గొట్టాలు దాగి ఉంటాయి. మన దేశంలో కటారుకి రెండు పక్కలా చిన్న పిస్తోళ్ళు బిగించిన నమూనాలు ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకటే గమనించండి, రెండు ఆయుధాలకీ ఒకే వెన్నెముక ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదానికి తగిలించినట్టు ఉండదు.

ఆట జరిగే కాలం కూడా మనకి పనికొస్తుంది. కథ 1794లో, పారిస్‌కి ఉత్తరాన ఉన్న సాన్ డెనీలో నడుస్తుంది, ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ ఊరికి ఫ్రాన్సియాడ్ అని పేరు మార్చారు. అక్కడి బసిలికా అనే పెద్ద చర్చిలో ఉన్న రాజుల సమాధుల్ని 1793లో తవ్వి పోశారు. తల నరికే యంత్రం, అంటే నిజమైన గిలటిన్, మొదటిసారి వాడింది 1792 ఏప్రిల్ 25న, అంటే కథ నాటికి అది వచ్చి రెండేళ్ళు దాటింది. ఇక సైన్యం చేతిలో ఉన్నవి చెకుముకి రాయి తుపాకులు. అప్పటి ఫ్రెంచి మస్కెట్‌కి, అంటే పొడుగు గొట్టం తుపాకీకి, ఒక ప్రత్యేకత ఉంది: ఇంగ్లీషువాళ్ళు గొట్టాన్ని చెక్కకి సన్నటి పిన్నులతో బిగిస్తే, ఫ్రెంచివాళ్ళు చుట్టూ లోహపు పట్టీలు తొడిగి బిగించేవాళ్ళు. ఇది తెలిశాక నా సమస్య సగం తీరిపోయింది. ఆ రోజుల్లో ఒక ఫ్రెంచి కమ్మరి చేతికి బ్లేడూ గొట్టమూ ఇచ్చి కలపమంటే ఏం చేసేవాడు? తనకి చేతనైన పట్టీలే వేసేవాడు. మన అతుకు కూడా అలాగే కనిపించాలి.

కొలతలు తీసుకోవడం

ఆటలో నుంచి పక్క వైపు స్క్రీన్‌షాట్లు నాలుగైదు తీసుకోండి. కెమెరా ఆయుధానికి సూటిగా ఉండాలి, వాలుగా తీస్తే పొడవు తగ్గి కనిపిస్తుంది. ఆటలో మనం నడిపే పాత్ర ఆర్నో నిటారుగా నిలబడ్డ ఒక ఫ్రేమ్ తప్పనిసరి. అందులో అతని ఎత్తు ఎన్ని పిక్సెళ్ళో, ఆయుధం పొడవు ఎన్ని పిక్సెళ్ళో కొలిచి, అతని ఎత్తు స్థానంలో మీ ఎత్తు పెట్టి లెక్క కట్టండి. ఉదాహరణకి అతను 900 పిక్సెళ్ళు, ఆయుధం 600 పిక్సెళ్ళు, మీ ఎత్తు 168 సెంటీమీటర్లు అయితే మీ ఆయుధం పొడవు 112 సెంటీమీటర్లు రావాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆటలో ఆయుధం ఆర్నో ఒంటికి తగ్గట్టు ఉంటుంది, అదే పొడవు పొట్టిగా ఉన్నవాళ్ళ చేతిలో పెడితే గునపంలా ఉంటుంది.

లెక్క వచ్చాక అట్టపెట్టెలు చింపి అసలు సైజులో పక్క ఆకారం కోసి, చేత్తో పట్టుకుని అద్దం ముందు నిలబడండి. పది నిమిషాల పని. బ్లేడు పెద్దదైపోయిందా, మడమ (తుపాకీ కర్ర వెనక చివర) భుజానికి ఆనుతోందా, రెండు చేతులకీ పట్టు దొరుకుతోందా అన్నది ఇక్కడే తేలిపోతుంది. నేను రెండోసారి బ్లేడు అట్ట మూడు సార్లు మార్చి కోశాను, ప్రతిసారీ తగ్గించడమే. ఈ ఆయుధాలు ఆటలో ఒకటి కంటే ఎక్కువ రూపాల్లో ఉన్నాయి కాబట్టి ఏ రూపం చేస్తున్నారో ముందే తేల్చుకుని దాని స్క్రీన్‌షాట్లే ముందు పెట్టుకోండి, రెండు రూపాల్లోంచి తలా కొంచెం తీసుకుంటే ఎటూ కాకుండా పోతుంది.

సామాను

10 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే మెత్తటి షీట్లు), 5 మిల్లీమీటర్లది, 2 మిల్లీమీటర్లది, మూడు మందాలూ కావాలి. వెన్నెముకకి 20 లేదా 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు. బ్లేడు లోపలికి 6 మిల్లీమీటర్ల ఫైబర్ కడ్డీ, దొరక్కపోతే గట్టి వెదురు పుల్ల. గొట్టం కోసం బట్ట తాన్లు చుట్టి వచ్చే దళసరి అట్ట గొట్టం, ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుది. కాంటాక్ట్ సిమెంట్ (రెండు వైపులా పూసి ఆరాక అతికించే జిగురు), హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం), కట్టరు, కట్టరుకి కొత్త బ్లేడ్లు బోలెడు, 120, 240, 400 నంబరు గరుకు కాగితాలు. థర్మోకోల్ మాత్రం వద్దు, చవగ్గా తేలిగ్గా ఉంటుందని ఆశపడతాం కానీ కాంటాక్ట్ సిమెంట్ తగిలినా, స్ప్రే పెయింట్ తగిలినా కరిగి గుంటలు పడిపోతుంది.

కట్టరు బ్లేడ్ల దగ్గర పిసినారితనం చేయకండి. ఫోమ్ చూడ్డానికి మెత్తన, కానీ బ్లేడు మొనని చాలా త్వరగా మొద్దుబారుస్తుంది. కోసిన అంచు పళ్ళు పళ్ళుగా వస్తోందంటే తప్పు మీ చేతిది కాదు, బ్లేడు మార్చే సమయం దాటిపోయింది.

ఇంకోటి, కాంటాక్ట్ సిమెంట్ వాసన ఊరికే ఘాటు కాదు, అది పీల్చకూడని ఆవిరి. కిటికీలు తీసి, ఫ్యాన్ పెట్టుకుని, ఆర్గానిక్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేసుకుని పని చేయండి. మామూలు దుమ్ము మాస్క్ గరుకు కాగితం పనికి చాలు, దీనికి చాలదు. దగ్గర్లో మంట ఉండకూడదు.

వెన్నెముక

పీవీసీ పైపు మడమ నుంచి గొట్టం మూతికి కొంచెం ఇవతలి దాకా ఏకంగా పోవాలి. ఒకే ముక్క. రవాణాకి వీలుగా ఉంటుందని మధ్యలో కోసి జాయింట్ పెడదామనిపిస్తుంది, పెట్టేటట్టయితే పట్టీ కిందికి దాక్కునే చోట పెట్టండి, బ్లేడు కూర్చునే చోట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బ్లేడు ఎక్కడ కూర్చోవాలో అట్ట నమూనా చూసి పైపు మీద గుర్తు పెట్టి, ఆ మేరలో ఆరు సెంటీమీటర్ల దూరంతో పైపుకి ఆరపార రెండు కన్నాలు వేయండి. రెండు కడ్డీ ముక్కలు ఆ కన్నాల్లోంచి దూర్చితే పైపుకి అడ్డంగా రెండు పక్కటెముకల్లా నిలుస్తాయి. ఒక్క కడ్డీ చాలదా అని అడుగుతారేమో. ఒక్కటే అయితే బ్లేడు దాని చుట్టూ తిరుగుతుంది. రెండు ఉంటే తిరగడానికి వీల్లేదు. నా మొదటి దాంట్లో ఒక్క కడ్డీ పెట్టాను, ఫొటోలు మొదలుపెట్టిన గంటకే బ్లేడు ఒక పక్కకి వాలి, పట్టుకున్నప్పుడల్లా దాన్ని బొటనవేలితో నెట్టి సరిచేసుకోవాల్సి వచ్చింది.

బ్లేడు

10 మిల్లీమీటర్ల ఫోమ్‌లోంచి ఒకేలాంటి రెండు ముక్కలు కోయండి, ఒకటి కుడి ముఖం, ఒకటి ఎడమ ముఖం. లోపలి వైపు కడ్డీలు కూర్చునేలా సన్నటి గాడులు, మొదట్లో పైపు పట్టేలా ఒక పెద్ద గాడి చెక్కండి. రెండు ముక్కలూ మూసినప్పుడు పైపుని రెండు వైపుల నుంచీ నోటితో పట్టినట్టు ఉండాలి.

అంటించే ముందే అంచు ఏటవాలు పని చేసుకోండి. ముఖం మీద అంచు నుంచి మూడున్నర సెంటీమీటర్ల దూరంలో ఒక గీత గీసి, ఆ గీత నుంచి అంచు దాకా కట్టరుని వాలుగా పట్టుకుని పొడవాటి లాగుళ్ళతో కోయాలి. ఆగి ఆగి కోస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. బ్లేడుని పూర్తిగా బయటికి తీసి, భుజం నుంచి కదపాలి, మణికట్టు నుంచి కాదు. కోసింది ఎంత బాగా వచ్చినా 120తో మొదలుపెట్టి 240, 400 దాకా రుద్దాల్సిందే. అంచు చివర మూడు మిల్లీమీటర్ల మందం ఉంచి గుండ్రంగా రుద్దండి. దూరం నుంచి పదునుగానే కనిపిస్తుంది, ఎవరికైనా తగిలితే ఏమీ కాదు.

తర్వాత హీట్ గన్‌తో ఉపరితలాన్ని వేడి చేయాలి. వేడి సరిగ్గా తగిలినప్పుడు ఫోమ్ మీద సన్నటి మెరుపు వస్తుంది, చూస్తుండగానే తెలుస్తుంది, అప్పుడు వెంటనే పక్కకి జరపాలి. దీంతో పైనున్న సన్నటి రంధ్రాలు మూసుకుపోయి రంగు పీల్చడం తగ్గుతుంది. ఇది అంటించకముందే చేయాలని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నేను మొదటిసారి అంటించాక చేశాను. వేడికి కాంటాక్ట్ సిమెంట్ మెత్తబడి బ్లేడు అంచు పొడుగునా నోరు తెరుచుకుంది, ఒక పక్క నొక్కితే ఇంకో పక్క విచ్చుకుంది, మళ్ళీ అంటించినా ఆ గీత చివరి దాకా కనిపిస్తూనే ఉంది.

అంటించేటప్పుడు రెండు ముఖాలకీ సిమెంట్ పల్చగా పూసి పది, పదిహేను నిమిషాలు ఆగండి. వేలితో తాకితే అంటుకోకూడదు. తడిగా ఉండగానే కలిపేయాలన్న తొందర అందరికీ ఉంటుంది, తడిగా కలిపితే పట్టదు. ఆరాక కలిపితే మాత్రం తగిలిన చోటే పట్టేస్తుంది, సర్దుకోవడానికి రెండో అవకాశం ఉండదు. అందుకే మధ్యలో బేకింగ్ కాగితం పెట్టి, ఒక పక్క నుంచి కొంచెం కొంచెంగా కాగితం లాగుతూ నొక్కుకుంటూ రండి.

గొట్టం సంగతి పెద్దగా లేదు. అట్ట గొట్టం చుట్టూ 5 మిల్లీమీటర్ల ఫోమ్ చుట్టి, అతుకు బ్లేడు వైపుకి వచ్చేలా పెడితే కనబడదు. పీవీసీ పైపు దాని మధ్యలో నిలబడటానికి ఫోమ్ ఉంగరాలు రెండు మూడు లోపల బిగించండి. మూతి దగ్గర ఇంకో పొర చుట్టి కొంచెం ఉబ్బుగా చేయండి, చేతి మోర్టార్లు వెడల్పు మూతితో పొట్టిగా ఉండేవి, పొడుగు చేస్తే మస్కెట్ అయిపోతుంది. పైపు చివర మూతికి ఒక పది సెంటీమీటర్ల లోపలే ఆగిపోవాలి, లోపలంతా నల్ల రంగు. తొంగిచూస్తే తెల్ల పైపు కనబడితే పడ్డ కష్టమంతా వృథా.

అతుకు

ఇక అసలు చోటికి వచ్చాం. ఇక్కడ ఒక రోజు పూర్తిగా కేటాయించండి, నేను రెండు రోజులు తీసుకున్నాను.

ముందు కూర్చుని ఆలోచించాల్సింది ఒకటుంది: ఈ ఆయుధం నిజమైతే దెబ్బ ఎటు నుంచి ఎటు పోతుంది? గుండు పేలినప్పుడు తోపు సూటిగా వెనక్కి, మడమ వైపు వస్తుంది. గొడ్డలితో నరికినప్పుడు బలం బ్లేడు నుంచి గొట్టానికి అడ్డంగా వస్తుంది, బ్లేడు ఇరుక్కుంటే పక్కకి మెలిపెడుతుంది కూడా. మొదటిదానికి గొట్టం వెనక గట్టి ఆనుడు కావాలి. రెండోదానికి బ్లేడు ముందూ వెనకా చుట్టూ పట్టు కావాలి. మెలికకి రెండు చెంపలా పలకలు కావాలి. అంతే, మన అలంకారాలన్నీ ఈ మూడింట్లోంచే పుట్టాలి. ఇవి కాకుండా ఊరికే అందంగా ఉంటుందని ఏది తగిలించినా కన్ను పట్టేస్తుంది.

ముందు చెంప పలకలు. 5 మిల్లీమీటర్ల ఫోమ్‌తో, బ్లేడు మొదట్లో వెడల్పుగా మొదలై, గొట్టం పక్కనుంచి పోతూ సన్నబడి, చెక్క మడమ మీద ఒక జానెడు దూరం పాకి ఆగే ఆకారం కోయండి, రెండు పక్కలకీ రెండు. బ్లేడు ఇనుమూ, గొట్టం ఇనుమూ, చెక్కా, మూడింటినీ ఒక్క పలక ముట్టుకుంటుంది. నా రెండో నమూనాకి ప్రాణం పోసింది ఇదే. అంతకుముందు మూడు వస్తువులుగా ఉన్నది పలక పెట్టగానే ఒక్క వస్తువైపోయింది. పలక అంచుల్ని హీట్ గన్‌తో వేడి చేసి గొట్టం వంపుకి చేత్తో నొక్కి పట్టుకుంటే చల్లారాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది, ఆ తర్వాతే సిమెంట్ పూయండి.

పలకల మీదుగా పట్టీలు. బ్లేడుకి ముందొకటి, వెనకొకటి, మడమ మొదట్లో ఒకటి, మూడు చాలు. ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల ఫోమ్ రెండు పొరలు, పై పొర రెండు పక్కలా కొంచెం సన్నగా కోస్తే పట్టీకి అంచు ఉన్నట్టు ఉంటుంది. పట్టీ రెండు కొసలూ కలిసే చోటు కింద పెట్టి దాచేయకండి. అక్కడ చెవుల్లా రెండు మడతలు బయటికి తీసి మధ్యలో ఒక బోల్టు తల పెట్టండి, బిగించిన పట్టీ అని దాన్ని చూడగానే అర్థమవుతుంది.

రివెట్లకి సగం గోళాల ప్లాస్టిక్ పూసలు సరిపోతాయి. బలం పడే చోటే పెట్టండి: చెంప పలక మీద బ్లేడు దగ్గర నాలుగు దగ్గరదగ్గరగా, గొట్టం పక్కన రెండు, చెక్క మీద రెండు. వరసగా సమాన దూరంలో కుట్టినట్టు పెడితే లెదర్ బ్యాగులా ఉంటుంది. రివెట్ కూర్చునే చోట ముందు ఫోమ్‌ని కొంచెం వేడి చేసి, స్క్రూడ్రైవర్ పిడి గుండ్రంతో నొక్కి పల్లం చేసి, అందులో పూస పెడితే సుత్తి దెబ్బకి లోహం లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. అంగుళం కంటే తక్కువ మేరలో జరిగే పని, కానీ ఫొటోలో దగ్గరగా చూసినవాళ్ళు ముందుగా అడిగేది దీని గురించే.

బ్లేడుకీ పలకకీ మధ్య సన్నటి సందు ఉంటే పుట్టీతో పూడ్చేయకండి. నిజమైన కమ్మరి పనిలో ఆ సందు ఉంటుంది. దానిలో తర్వాత నల్ల రంగు దింపుతాం.

చెకుముకి యంత్రం, చెక్క

గొట్టం వెనక కుడి పక్కన చెకుముకి యంత్రం రావాలి. మూడు భాగాలు స్పష్టంగా ఉంటే చాలు: రాయిని పళ్ళ మధ్య పట్టుకున్న కొక్కెం, దాని ఎదురుగా నిలబడి దెబ్బ తినే ఉక్కు రేకు, ఆ రేకు కింద మందు పోసే చిన్న గిన్నె. కొక్కెం కొడితే రాయి రేకుకి రాసుకుని నిప్పురవ్వలు గిన్నెలో పడాలి. కాబట్టి రాయి మొన రేకు వైపు చూడాలి, గిన్నె గొట్టానికి ఆనుకుని ఉండాలి. ఈ వరస తప్పితే తుపాకుల గురించి కొంచెం తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు. రాయిని నేరుగా ఇనుప పళ్ళ మధ్య పెట్టేవాళ్ళు కాదు, జారకుండా తోలు ముక్క చుట్టి బిగించేవాళ్ళు. ఒక పాత పర్సులోంచి గోరంత తోలు కత్తిరించి పెట్టండి, ఈ మొత్తం నమూనాలో నిజమైన పదార్థం అదొక్కటే ఉన్నా దాని వల్ల చుట్టూ ఉన్నదంతా నిజంలా కనిపిస్తుంది.

మడమకి 10 మిల్లీమీటర్ల ఫోమ్ పొరలు పైపు చుట్టూ అంటించి, కట్టరుతో చెక్కి, రుద్ది ఆకారం తీయండి. చెక్క జీర కోసం కట్టరు మొనతో పొడుగునా పైపైన గీతలు గీసి హీట్ గన్ చూపిస్తే గీతలు వాటంతటవే విచ్చుకుంటాయి. అన్నీ సమాంతరంగా గీయకండి, అక్కడక్కడా ముడి చుట్టూ తిరిగినట్టు వంచండి. అప్పటి ఫ్రెంచి మస్కెట్లకి వాల్‌నట్ చెక్క వాడేవాళ్ళు, అది ముదురు గోధుమ రంగు, జీర మరీ ఎక్కువ కనబడదు. అంచేత గీతల పిచ్చిలో పడకుండా చేతికందే చోట్ల తక్కువ, మడమ చివర కొంచెం ఎక్కువ పెట్టండి.

రంగు

రంగు వేసే ముందు పూత. సాగే రబ్బరు ప్రైమర్ స్ప్రే దొరికితే మంచిది, లేకపోతే తెల్ల జిగురు కొంచెం నీళ్ళు కలిపి నాలుగు పూతలు, ఒక్కోటి పూర్తిగా ఆరాక ఇంకోటి. మధ్యలో వంచి చూడకండి.

లోహం భాగాలన్నిటికీ ముందు నలుపు. దాని మీద వెండి రంగు పూయడం అందరూ చేస్తారు, నాకు నచ్చింది మాత్రం గ్రాఫైట్ పొడి. మెత్తటి పెన్సిల్ ముల్లుని గరుకు కాగితం మీద రుద్ది పొడి చేసి, మెత్తని గుడ్డతో నలుపు మీద బాగా రుద్దితే నిజమైన ఇనుము మెరుపు వస్తుంది, చేతిలో తిప్పుతుంటే వెలుగు జారుతుంది. వెండి రంగుతో ఆ బరువు రాదు. పైన క్లియర్ కోటు వేయాలి, లేకపోతే బట్టలన్నీ నల్లబడతాయి. పూర్తి మ్యాట్ వేస్తే ఆ మెరుపు చచ్చిపోతుంది, సెమీ గ్లాస్ (సగం మెరుపుది) వేయండి. వెండి రంగు బ్రష్‌తో అద్దాల్సింది బ్లేడు అంచుకీ, పట్టీల మూలలకీ మాత్రమే, అదీ బ్రష్‌ని కాగితం మీద తుడిచి దాదాపు పొడిగా చేసుకున్నాక.

పాతబరచడంలో కూడా అతుకు దగ్గర ఆలోచించిన పద్ధతే: ఏది ఎక్కడ తగులుతుంది? గొట్టం మూతి చుట్టూ మందు మసి, నలుపులో కొంచెం గోధుమ కలిపి, లోపలి నుంచి బయటికి స్పాంజితో అద్దుకుంటూ రావాలి. గిన్నె చుట్టూ కూడా అదే మసి, అక్కడ చాలామంది మర్చిపోతారు. చెయ్యి పట్టే చోట చెక్క నూనె పట్టి ముదురుగా నున్నగా ఉంటుంది, అక్కడ కొంచెం మెరుపు కోటు. పట్టీల కింద, పలక సందుల్లో నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది, అక్కడ పల్చటి నలుపు దింపి, ఆరాక ఇటుక రంగు చుక్కలు కొద్దిగా. రక్తం మరకలు నా వరకు వద్దనే అంటాను. ఎర్ర రంగు పడగానే చూసేవాళ్ళ కన్ను దాని మీదే ఉండిపోతుంది, మీరు రెండు రోజులు కూర్చుని చేసిన అతుకు ఎవరూ చూడరు.

బయటికి తీసుకెళ్ళేటప్పుడు

కార్యక్రమం నియమాలు ముందే చదవండి. తుపాకీ ఆకారం ఉన్నవాటికి మూతి దగ్గర నారింజ రంగు ఉండాలని కొన్ని చోట్ల అడుగుతారు, అలాంటప్పుడు తీసి పెట్టుకునేలా ఒక ఫోమ్ ఉంగరం నారింజ రంగుది చేసి ఉంచుకుంటే అసలు రంగు పాడవదు. పొడవు మీద కూడా పరిమితి ఉంటుంది. దారిలో మాత్రం పూర్తిగా మూసిన సంచిలోనే ఉండాలి, మడమ కూడా బయటికి కనబడకూడదు. మనకి అది ఫోమ్ అని తెలుసు, పది అడుగుల దూరంలో ఉన్నవాళ్ళకి తెలియదు, మీరు ఎంత బాగా చేస్తే అంత తెలియదు.

ఇంట్లో పెట్టేటప్పుడు బ్లేడు మీద ఆనించి నిలబెట్టకండి, ఒక్క రాత్రికే అంచు వంగిపోయి ఆ వంపు పోదు. గోడకి తగిలించేటట్టయితే రెండు కొక్కేలూ పీవీసీ పైపు ఉన్న మేరలో, ఒకటి గొట్టం కింద, ఒకటి మడమ మొదట్లో పెట్టండి. ఎండలో ఆపిన కారులో వదలొద్దు, ఆ వేడికి సిమెంట్ మెత్తబడి ముందు విచ్చుకునేది చెంప పలకల అంచులే. విచ్చుకున్నా కంగారు పడక్కర్లేదు, పుల్లతో లోపలికి కొంచెం సిమెంట్ పూసి, పదిహేను నిమిషాలు తెరిచి ఉంచి, నొక్కి, ఆ రోజంతా గుడ్డ పేలికతో కట్టి ఉంచితే మళ్ళీ పట్టేస్తుంది.